మన వీధి మట్టిలో ఏమి వెతకాలి, ఎక్కడ ఆగాలి

(మెటల్ డిటెక్టర్ అభిరుచి గురించి తిరుపతిలో ఒక కాలనీ సామాజిక భవనంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఆదివారం పొద్దున్నే ఇన్ని పనులు మానుకుని వచ్చినందుకు సంతోషం. పిల్లలూ, మీరు వెనక నిలబడకండి. ముందుకు వచ్చి కూర్చోండి. ఈ యంత్రాన్ని అందరికంటే ఎక్కువగా చూడవలసింది మీరే.

తిరుపతిలో పెరిగినవాళ్లకు మెటల్ డిటెక్టర్ అనగానే అలిపిరి తనిఖీ కేంద్రం గుర్తుకు వస్తుంది. ఈ బల్ల మీద ఉన్నదీ ఆ జాతిదే. కాకపోతే అది మనిషిని చూస్తుంది, ఇది నేలను చూస్తుంది. ఇంగ్లండ్‌లో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో దీన్ని పట్టుకుని పొలాల్లో, సముద్రపు ఒడ్డున తిరగడం వేలాది మందికి సెలవురోజు కాలక్షేపం. మన దగ్గర ఇప్పుడిప్పుడే కుర్రవాళ్లు వీడియోలు చూసి వచ్చి అడుగుతున్నారు: ‘ఎంత పెడితే వస్తుంది సార్? ఎక్కడ తవ్వాలి?’ మొదటి ప్రశ్నకు జవాబు సులువు. కొన్ని వేల రూపాయల నుంచి లక్ష దాటిన వాటి దాకా ఉన్నాయి. రెండో ప్రశ్న కోసమే ఈ రోజు ఇంతసేపు మాట్లాడబోతున్నాను.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ భూమిలో వేసిన టెలిఫోను కేబుళ్లలో లోపం ఎక్కడుందో కనిపెట్టే పని చేశాను. పైన నిలబడి సంకేతం వింటూ, కింద తీగ ఎక్కడ దెబ్బతిన్నదో గుర్తుపెట్టి, సరిగ్గా అక్కడే గొయ్యి తీయించాలి. చోటు తప్పితే కూలీల శ్రమ, రోడ్డు, రెండూ పాడవుతాయి. అందుకే పదవీ విరమణ తర్వాత ఈ యంత్రం పట్టుకున్నప్పుడు నాకు కొత్త అనిపించలేదు.

నా మాట ముందే చెప్పేస్తాను. మన ఊళ్లో ఈ యంత్రం కొనేవాళ్లు పోయిన వస్తువు వెతికి, దాని సొంతదారు చేతిలో పెట్టడానికే కొనాలి. నిధుల కోసం, పాత నాణేల కోసం, శిథిలమైన గుళ్ల చుట్టూ తిరగడం కోసం అయితే కొనవద్దు. ఇందులో నాకు రెండో మాట లేదు.

ఇప్పుడు యంత్రం సంగతి చూద్దాం. కింద పళ్లెంలా కనపడే ఈ భాగాన్ని కాయిల్ అంటారు. దీని లోపల రెండు రాగి తీగచుట్టలు ఉంటాయి. ఒకదానిలో దిశ మార్చుకుంటూ ఉండే విద్యుత్తు పారుతుంది. దాంతో చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడి నేలలోకి దిగుతుంది. ఆ దారిలో లోహం ఉంటే దాని ఒంట్లో సుడులు తిరిగే ప్రవాహాలు పుడతాయి. ఇంటర్మీడియట్ పిల్లలు ఎడ్డీ ప్రవాహాలని చదువుకుని ఉంటారు, అవే ఇవి. ఆ ప్రవాహాలు తమ వంతుగా ఇంకో క్షేత్రాన్ని పుట్టిస్తాయి. రెండో తీగచుట్ట దాన్ని పసిగట్టి, మన చెవిలో మోగిస్తుంది. వెళ్లిన సంకేతానికీ తిరిగి వచ్చిన దానికీ మధ్య కొద్దిపాటి జాప్యం ఉంటుంది. ఆ జాప్యం ఇనుముకు ఒక తీరుగా, వెండికి ఒక తీరుగా ఉంటుంది కాబట్టే యంత్రం ఒకదానికి బొంగురుగా, ఇంకొకదానికి సన్నగా మోగుతుంది. అభిరుచి కోసం అమ్మే వాటిలో చాలావరకు 5 నుంచి 20 కిలోహెర్ట్‌జ్‌ల మధ్య పనిచేస్తాయి. ఈ పౌనఃపున్యం, అంటే విద్యుత్తు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క, తగ్గితే పెద్ద వస్తువు లోతులో ఉన్నా తెలుస్తుంది. పెరిగితే చిన్న బంగారు వస్తువు బాగా పలుకుతుంది.

లోతు గురించి భ్రమలు వద్దు. నాణెమంత వస్తువుకు సుమారుగా కాయిల్ వెడల్పు ఎంతో అంత లోతు, జానెడు, అంతే. ముప్పై అడుగుల కింద బంగారం ఉందని చూపించే యంత్రం అంటూ ఎవరైనా తెస్తే ఆ మనిషిని వాకిట్లోనే ఆపేయండి. బియ్యపు గింజలను లాగుతాయని చెప్పే రైస్ పుల్లింగ్ పాత్రల పేరుతో, ఇరిడియం అనే లోహం పేరుతో మన జిల్లాల్లో ఎంతమంది ఇళ్లు గుల్లయ్యాయో మీకు చెప్పనవసరం లేదు. ఆ మోసగాళ్లు వాడే మాటలూ, ఈ ‘దూరం నుంచి బంగారం చూపే’ పుల్లలు అమ్మేవాళ్ల మాటలూ ఒక్కటే.

టెలిఫోను వృత్తిలో బతికినవాణ్ని కాబట్టి గ్రాహంబెల్ పేరు ఎత్తకుండా ఉండలేను. 1881 జూలై 2న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగాయి. ఒంట్లో తూటా ఎక్కడుందో వైద్యులకు తెలియలేదు. అప్పటికి ఎక్స్‌రే లేదు. టెలిఫోను కనిపెట్టిన బెల్, ఇండక్షన్ బ్యాలెన్స్ అనే పరికరం తయారుచేసి తెచ్చాడు. ఈ బల్ల మీద ఉన్నదానికి అది ముత్తాత. ఆ పరికరం పనిచేసింది కానీ తూటా దొరకలేదు. రోగి పడుకున్న పరుపులో ఉక్కు స్ప్రింగులు ఉన్నాయి, అవి సంకేతాన్ని చెడగొట్టాయి. పైగా ప్రధాన వైద్యుడు తూటా కుడివైపే ఉందని నమ్మి, అటువైపే వెతకనిచ్చాడు. అది నిజానికి ఎడమవైపు ఉంది. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. మైలపడ్డ చేతులతో, పరికరాలతో గాయాన్ని కెలకడం వల్ల సోకిన చీము విషం ఆయన ప్రాణం తీసిందని తర్వాతి వైద్యులు చెప్పారు.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, ఆ గదిలో జరిగిన రెండూ మన కాలనీల్లో రోజూ జరుగుతాయి. మొదటిది స్ప్రింగుల సంగతి. మన ఇళ్ల చుట్టూ సిమెంటు గచ్చు, దాని కింద ఇనుప కమ్మీలు. గచ్చు మీద ఈ యంత్రం పెడితే ఒకటే మోత, లాభం లేదు. వెతికేవాళ్ల కాళ్లకు ఇనుప మేకులున్న బూట్లు ఉండకూడదు. చేతి గాజులు, గడియారం, జేబులో తాళాల గుత్తి కూడా తీసి పక్కన పెట్టాలి. కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర, హైటెన్షన్ తీగల కింద యంత్రం తనంతట తానే గొణుగుతుంది. అలాంటప్పుడు సున్నితత్వం తగ్గించుకోవాలి.

రెండోది వైద్యుడి పట్టుదల. వస్తువు పోగొట్టుకున్నవాళ్లు ‘ఇక్కడే పడింది, నాకు బాగా గుర్తు’ అంటారు. వాళ్లు అబద్ధం చెప్పరు. కానీ చివరిసారి చూసుకున్న చోటునే పోయిన చోటుగా అనుకుంటారు. అందుకే కాయిల్ కింద పెట్టకముందు నేను చాలాసేపు మాట్లాడతాను. ఆ రోజు ఏ పని చేశారు, చేతులు ఎక్కడ కడిగారు, తలకు నూనె పెట్టుకున్నారా, బట్టలు ఎక్కడ దులిపారు? సగం వెతుకులాట ఆ మాటల్లోనే అయిపోతుంది.

మన మట్టి గురించి కూడా చెప్పాలి. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఎక్కువగా ఎర్రనేల. ఆ ఎరుపు ఇనుప ఆక్సైడుది. పక్కగదిలో మిక్సీ తిరుగుతుంటే ఫోనులో మాట సరిగా వినపడనట్టే, ఆ ఇనుము మోతలో చిన్న వస్తువు సంకేతం కలిసిపోతుంది. అందుకే వెతకడం మొదలుపెట్టే ముందు లోహం లేని చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడిస్తూ ఆ నేలకు యంత్రాన్ని సరిచేసుకోవాలి. దీన్ని గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. పెరట్లో ఒక మూల ఎర్రమట్టి, ఇంకో మూల ఇల్లు కట్టేటప్పుడు తోలించిన గ్రావెల్ ఉంటే, రెండు చోట్లా విడివిడిగా సరిచేయాలి.

ఇక మట్టిలో ఉండే వస్తువులు. ఇక్కడ కాస్త నిదానంగా చెబుతాను, ఎందుకంటే విదేశాల వాళ్లు చెప్పిన సూత్రాలు మనకు ఉన్నవి ఉన్నట్టుగా పనికిరావు.

మన రూపాయి, రెండు రూపాయల నాణేలు ఇప్పుడు ఎక్కువగా ఫెరిటిక్ స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి. అయస్కాంతానికి అంటుకుంటాయి. వంతెనల దగ్గర కుర్రవాళ్లు తాడుకు అయస్కాంతం కట్టి నదిలోకి వదిలి, భక్తులు వేసిన చిల్లర పైకి లాగగలుగుతున్నారంటే కారణం అదే. ఈ యంత్రం కూడా వాటిని ఇనుము కిందే లెక్కకడుతుంది. ఇనుము శబ్దం వినపడకుండా చేసుకోమని వీడియోల్లో చెబుతారు. ఆ మాట విని ఇనుమును ఆపేస్తే మన నాణేలు కూడా ఆగిపోతాయి. ఐదు రూపాయల ఇత్తడి రంగు నాణెం మాత్రం చక్కగా మోగుతుంది. పాత అల్యూమినియం పైసలు, అంటే వంకుల అంచున్న పది పైసలు, చదరపు ఐదు పైసలు, మట్టిలో ఉండి ఉండి తెల్లగా పొడిబారి వస్తాయి. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలు 2011 జూన్ 30 తర్వాత చెల్లవని పెద్దవాళ్లకు తెలుసు. పిల్లలు వాటిని చూసి కూడా ఉండరు. 1943 నుంచి 1947 మధ్య ముద్రించిన చిల్లికాణీ మీలో ఎవరి పెరట్లోనైనా దొరికితే మీ తాతలను అడగండి. వాటిని మొలతాడుకు కట్టిన జ్ఞాపకం వాళ్లలో కొందరికి ఉంటుంది.

నగల దగ్గరికి వద్దాం. ఉంగరం సులువు. మూసుకున్న వలయం కాబట్టి ప్రవాహం గుండ్రంగా తిరిగి గట్టిగా మోగుతుంది. మెట్టె వెండిదే, వెండి మంచి వాహకమే, కానీ మెట్టె వేలికి సరిపడేలా వంచడానికి కింద చీలిక ఉంటుంది. ఆ సన్నని చీలిక చాలు, ప్రవాహం చుట్టూ తిరగలేక సంకేతం బలహీనపడుతుంది. అదే బరువున్న ఉంగరం జానెడు లోతులో పలికితే, మెట్టె నాలుగు వేళ్ల లోతులోనే గొంతు తగ్గిస్తుంది. గొలుసు ఇంకా కష్టం. కొనేటప్పుడు తులాల లెక్క అయినా, యంత్రానికి అది ఒక వస్తువు కాదు. విడివిడి చిన్న లంకెల కుప్ప. చాలాసార్లు గొలుసు పలకదు, దాని కొక్కెం పలుకుతుంది. పసుపుతాడు తెగి పుస్తెలు పడిపోతే మాత్రం ధైర్యంగా వెతకవచ్చు. బిళ్లలు కాబట్టి బాగా దొరుకుతాయి. అన్నిటికంటే పరీక్ష పెట్టేవి ముక్కుపుడక, చెవి దిద్దు.

దిద్దు గురించి ఒకటి చెబుతాను. మా వెనక వీధిలో ఒక ఇల్లు. పెరట్లో గిన్నెలు తోమే గట్టు ఉంది, ఆ నీళ్లు పక్కనున్న కొబ్బరిచెట్టు పాదులోకి పోతాయి. ఆ ఇంటి పెద్దావిడ చెవి దిద్దు ఒకటి కనపడకుండా పోయింది. ఇల్లంతా వెతికారు. ఎవరూ పైకి అనలేదు కానీ, అందరి చూపూ ఆ ఇంట్లో పనిచేసే అమ్మాయి వైపు తిరిగింది. చూపు కూడా మాటే కదా. ఆ అమ్మాయి మర్నాటి నుంచి రావడం మానేసింది. మానేసింది కాబట్టి తనే తీసిందన్నారు. వీధిలో మిగతా ఇళ్లకు కూడా ఆ మాట పాకింది.

నేను వెళ్లి కూర్చుని మాట్లాడితే తెలిసింది, ఆ అమ్మాయి రాని ఒక పండగ పూట పెద్దావిడే గట్టు దగ్గర కూర్చుని ఇత్తడి సామాను తోమారని. పాదులో కాయిల్ పెట్టగానే ఒకటే మోత. బైండింగు వైరు ముక్కలు, పిన్నీసు, పీచు కింద ఇరుక్కున్న ఒక చెంచా, లెక్కలేనన్ని మాత్రల రేకులు. చిక్కంతా ఆ రేకులతోనే. పలచని అల్యూమినియం రేకు పలికే స్వరమూ, చిన్న బంగారు వస్తువు పలికే స్వరమూ పక్కపక్కనే ఉంటాయి. రేకులు వద్దనుకుని ఆ స్వరాన్ని ఆపేస్తే బంగారం కూడా పోతుంది. కాబట్టి మోగిన ప్రతిదాన్నీ తీయవలసిందే. గరిటెతో మట్టి తీయడం, ప్లాస్టిక్ పళ్లెంలో పోసి కాయిల్ మీదుగా ఆడించడం, మోగితే చేత్తో నలిపి చూడటం. మధ్యాహ్నానికి ఒక తడిమట్టి ముద్దలో ఎర్రరాయి కనపడింది. దిద్దు వెనక గొట్టంలో సబ్బు పేరుకుని గట్టిపడి ఉంది. శీల లేదు. శీల వదులై ఊడిపోయి, దిద్దు తోమిన నీళ్లతో కొట్టుకుపోయిందని అందరికీ అర్థమైంది.

పెద్దావిడ ఆ సాయంత్రమే ఆ అమ్మాయి ఇంటికి వెళ్లారు. ఆ అమ్మాయి మళ్లీ ఆ ఇంట్లో పనికి చేరలేదు. చేరకపోవడం ఆమె హక్కు. కానీ ఆమె పేరు మీద పడ్డ మచ్చ పోయింది. అదే వీధిలో వేరే ఇళ్లవాళ్లు పనికి పిలిచారు.

ఈ యంత్రం మన వీధుల్లో ఉండాలని నేను ఇంత గట్టిగా ఎందుకు అంటానో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. మన ఇళ్లలో బంగారు వస్తువు కనపడకపోతే అనుమానం పేదవాళ్ల మీదే వాలుతుంది. పనిమనిషి, తోటమాలి, పక్కన కడుతున్న ఇంటి కూలీలు, గ్యాసు బండ తెచ్చిన కుర్రవాడు. పోలీసుల దాకా పోతే వాళ్ల బతుకే తలకిందులవుతుంది. ఒక పూట కూర్చుని నేల వెతికేవాడు వీధికి ఒకడుంటే ఇందులో కొన్నయినా ఆగుతాయి. నాకు తెలిసి ఈ అభిరుచికి ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

వెతికే తీరు రెండు మాటల్లో చెప్పి ముందుకు పోతాను. కాయిల్ నేలకు సమాంతరంగా, రెండు వేళ్ల ఎత్తులో, నిదానంగా ఆడాలి. చివర్లలో చెయ్యి పైకి లేస్తే అంత మేర లోతు పోయినట్టే. పురికొస తాడు కట్టి నేలను గళ్లు చేసుకోండి, ఒక గడి పూర్తయ్యాకే ఇంకో గడి. మోగిన చోట అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి ఆడిస్తే సరిగ్గా ఎక్కడుందో తెలుస్తుంది. తవ్వడానికి కలుపు తీసే తొలిక లాంటి చిన్న పనిముట్టు చాలు, గడ్డపార ఎత్తవద్దు. మన వీధుల్లో నీటి గొట్టాలు, కరెంటు కేబుళ్లు ఎంత పైపైన ఉంటాయో జీవితమంతా చూసినవాణ్ని చెబుతున్నాను. గడ్డి ఉంటే గడ్డితో సహా ముద్దగా తీసి, మళ్లీ అలాగే పెట్టి తొక్కండి. తీసిన చెత్త మళ్లీ గుంటలో వేయవద్దు. బ్లేడు ముక్కలు, తుప్పు మేకులు ఇంటికి తెచ్చి పాతసామాను వాళ్లకు ఇవ్వండి. ధనుర్వాతం టీకా వేయించుకున్నాకే ఈ పనిలోకి దిగండి.

ఇప్పుడు ఎక్కడ ఆగాలో చెప్పాలి. మనం ఉన్నది మామూలు నేల కాదు. పన్నెండు కిలోమీటర్లు పోతే చంద్రగిరి కోట. విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న చోటు. ఇటు గుడిమల్లం, దేశంలోని అతి పాత శివలింగాల్లో ఒకటి ఉన్న ఊరు. శ్రీకృష్ణదేవరాయలు స్వామికి 30,000 బంగారు వరహాలతో కనకాభిషేకం చేశాడని శాసనాల ఆధారంగా చెప్పుకునే ఊరు మనది. ఇది విన్న కుర్రవాడికి నేలంతా బంగారంలా కనపడటంలో ఆశ్చర్యం లేదు. గుప్తనిధుల పేరుతో రాయలసీమలో ఎన్ని పాడుబడిన గుళ్లలో నందులను పెకలించారో, గర్భగుడుల నేల తవ్వారో పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. ఆ తవ్వకాల్లో పోయినవి మళ్లీ రావు.

గుడిమల్లంలో 1970లలో పురావస్తు శాఖ తవ్వినప్పుడు కాలం తేల్చడానికి తోడ్పడినవి పెద్ద ఇటుకలు, నలుపు ఎరుపు కుండపెంకులు. ఇటుకకు ఈ యంత్రం మోగదు, పెంకుకు మోగదు. నాణెం కోసం గొయ్యి తీసినవాడు ఆ రెండింటినీ పక్కకు విసిరేస్తాడు. నాణెం ఏ పొరలో, దేని పక్కన, దేని కింద ఉందో తెలిస్తేనే అది చరిత్ర చెబుతుంది. పీకి జేబులో వేసుకున్న నాణేనికి సంతలో ధర ఉంటుంది, అంతకుమించి ఏమీ మిగలదు. శాతవాహనుల సీసపు నాణెం చూడటానికి తుప్పు బిళ్లలా ఉంటుంది. తెలియనివాడు దాన్ని చింతపండుతో తోమి అక్షరాలు కూడా పోగొడతాడు.

సరిగ్గా నడుచుకున్న మనిషి గురించి కూడా చెప్పాలి. 1992 నవంబరులో ఇంగ్లండ్‌లోని సఫోక్ ప్రాంతంలో, హాక్సన్ అనే పల్లెలో, ఒక రైతు పొలంలో తన సుత్తి పోగొట్టుకున్నాడు. స్నేహితుడు డిటెక్టర్‌తో వెతకడానికి వచ్చాడు. సుత్తికి బదులు రోమన్ల కాలపు బంగారు, వెండి నాణేలు బయటపడటం మొదలైంది. ఆయన కొంత తీశాక ఆగిపోయాడు. రైతుతో కలిసి అధికారులకు కబురు పంపాడు. మర్నాడు పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదంతా పద్ధతిగా తవ్వారు. దాదాపు 15,000 నాణేలు, నగలు, వెండి చెంచాలు. వాటిని ఏ పెట్టెలో ఎలా సర్ది పాతిపెట్టారో కూడా తెలిసిందంటే, ఆ మనిషి ఆగినందువల్లే. నిధి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, ఆ సుత్తి కూడా దొరికి అక్కడికే చేరింది. వచ్చిన 17.5 లక్షల పౌండ్ల బహుమతిని ఆయన రైతుతో పంచుకున్నాడు. స్నేహితుడి సుత్తి కోసం బయలుదేరినవాడు కాబట్టే ఎక్కడ ఆగాలో ఆయనకు తెలిసిందని నేను అనుకుంటాను.

మన దేశంలో చట్టం ఇంకా పాతది. ఇండియన్ ట్రెజర్ ట్రోవ్ యాక్ట్, 1878లో వచ్చింది, ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగి ఉన్న, పది రూపాయలకు మించి విలువ చేసే ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు రాసి ఇవ్వాలి. ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన. ఆ వస్తువును ప్రభుత్వ ఖజానాలో జమచేయాలి, లేదా హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి విచారిస్తారు. సొంతదారు ఎవరూ తేలకపోతే, స్థలం వేరేవాళ్లదైతే, వాళ్ల మధ్య ఒప్పందం లేకపోతే, దొరికినవారికి నాలుగింట మూడు వంతులు, స్థలం యజమానికి మిగిలిన వంతు. ప్రభుత్వమే తీసుకోదలిస్తే ఆ పదార్థం విలువకు ఐదో వంతు కలిపి చెల్లిస్తుంది. చెప్పకుండా దాచినవాడికి వాటా పోతుంది, పైగా ఏడాది దాకా జైలు, జరిమానా, లేదా రెండూ. చెప్పినవాడికి చట్టం అన్యాయం చేయడం లేదు, గమనించండి. వంద ఏళ్లు దాటిన నాణెం, శిల్పం వంటివి 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువులు, వాటిని సొంతంగా దేశం దాటించకూడదు. రక్షిత కట్టడాల ఆవరణలో అనుమతి లేకుండా తవ్వడం వేరే నేరం.

ఇక పోయిన ఉంగరం నిధి కాదు, దానికి సొంతదారు ఉన్నాడు. దొరికిన వస్తువును భద్రంగా ఉంచి సొంతదారుకు అప్పగించే బాధ్యత దొరికినవాడిదని మన కాంట్రాక్టు చట్టం 71వ సెక్షన్ చెబుతుంది. సొంతదారు తెలిసీ మింగేస్తే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ ఉంది.

కాబట్టి చంద్రగిరి వద్దు, గుడిమల్లం వద్దు, కపిలతీర్థం వద్దు, ఏ గుడి మాన్యమూ వద్దు. శేషాచలం అడవిలోకి అసలే వద్దు. అది రక్షిత అడవి, ఎర్రచందనం కోసం నిఘా ఉన్న చోటు, తవ్వే పనిముట్టుతో దొరికితే మీ మాట ఎవరు నమ్ముతారు? మీ పెరడు, అడిగి ఒప్పించుకున్న పొరుగువారి పెరడు, సొంతదారు రాసిచ్చిన ఖాళీ స్థలం, నగరపాలక సంస్థ ఒప్పుకుంటే పార్కు, ప్రిన్సిపాల్ ఒప్పుకుంటే కళాశాల మైదానం. ఇవి చాలవా? ఈ పార్కులో పొద్దున నడిచేవాళ్లు ఏడాదిలో పోగొట్టుకునే వస్తువులే ఒకరికి చేతినిండా పని.

పోలీసుల మాట కూడా చెప్పాలి. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి వాహనశ్రేణి మీద క్లేమోర్ మందుపాతరలు పేల్చిన ఊరు ఇది. ఇక్కడ చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని నేలను వెతికేవాణ్ని పోలీసులు ఆపి అడగడం వాళ్ల ధర్మం. మీరు ముందే స్టేషన్‌కు వెళ్లి, ఎక్కడ, ఎవరి అనుమతితో, ఏ వేళలో వెతుకుతారో రాసి ఇచ్చి రండి. చీకటి పడ్డాక వెతకవద్దు. డబ్బా, తీగలు, తూటా వంటివి కనపడితే ముట్టుకోకుండా వెనక్కి వచ్చి 112కు ఫోను చేయండి.

ప్రశ్నలు ఉంటే అడగండి.

(సభలో ఒక మహిళ: ‘స్వర్ణముఖిలో స్నానం చేస్తుంటే మా అక్క గొలుసు పోయిందండీ. ఇసుకలో దొరుకుతుందా?’)

అమ్మా, పారే నీళ్లు ఉన్నప్పుడు కష్టం. గొలుసు తేలిక, ఇసుకతో పాటు కదులుతుంది. నీళ్లు తగ్గాక, స్నానం చేసిన రేవుకు కొంచెం దిగువన, వంపు లోపలివైపు ఇసుక మేట వేసిన చోట వెతకాలి. బరువైనవి ప్రవాహం నెమ్మదించే చోట దిగుతాయి. కంసాలి వీధి మురుగు మట్టి కడిగి బంగారు రజను తీసేవాళ్లకు ఈ సంగతి మనందరికంటే బాగా తెలుసు, వాళ్లను కూడా అడుగుదాం. ఈశాన్య రుతుపవనం వానలు పడి వరద వచ్చిందంటే మాత్రం ఆశ వదులుకోవడం మంచిది. ఏ రేవులో, ఏ నెలలో పోయిందో సభ అయ్యాక నాకు చెప్పండి.

(ఒక పెద్దాయన: ‘దొరికించి పెట్టినందుకు డబ్బు తీసుకోవచ్చా?’)

నేను తీసుకోను. ఎండలో వెతికిన కుర్రవాడికి ఆ ఇంటివాళ్లు భోజనం పెట్టి, ఆటో ఖర్చు ఇస్తే తప్పు లేదు. బేరం మాత్రం వద్దు. దొరికితే ఇంత అని ముందే మాట్లాడుకుంటే, దొరకనప్పుడు ‘తీసి దాచాడేమో’ అనే అనుమానం మీ మీదికే వస్తుంది. అందుకే ఎప్పుడూ ఆ ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే వెతకండి. మట్టి పళ్లెం వాళ్ల చేతికే ఇవ్వండి.

(ఒక బాలుడు: ‘మా ఇంట్లో యంత్రం కొనివ్వరు సార్. నేనేమి చేయాలి?’)

కొనకుండానే మొదలుపెట్టవచ్చు నాయనా. పాత స్పీకరు వెనక గుండ్రని అయస్కాంతం ఉంటుంది. దానికి తాడు కట్టి, మన కాలనీలో ఇళ్లు కడుతున్న వీధిలో నేలకు ఆనీ ఆనకుండా లాక్కుంటూ నడువు. మేకులు, బైండింగు వైరు ముక్కలు అంటుకుంటాయి. సైకిళ్లకు, స్కూటర్లకు పంచర్లు తగ్గుతాయి. ఏ మూల ఎంత ఇనుము ఉందో కాగితం మీద గుర్తు పెట్టుకో, రేపు ఆ వీధిలో ఎవరి ఉంగరమైనా పోతే ఆ కాగితం నాకు కావాలి. పాత స్పీకరు ఉన్నవాళ్లు వచ్చే ఆదివారం ఉదయం తీసుకుని పార్కు గేటు దగ్గరికి రండి, అయస్కాంతం ఎలా ఊడదీయాలో చూపిస్తాను. చెప్పులతో కాదు, బూట్లు వేసుకుని రావాలి. పెద్దవాళ్లు ఎవరో ఒకరు తోడు ఉండాలి.